పంటి గదిలో కూనిరాగం

మా వదిన పళ్ళ డాక్టరు గారి దగ్గర సహాయకురాలు. చేతికి సామాను అందించడం, పేషెంటు నోట్లో పైపు పెట్టి ఊరిన నీళ్ళు లాగేయడం, మత్తు ఎక్కిందో లేదో బుగ్గ మీద వేలితో తట్టి అడగడం, అంతా అయ్యాక పుక్కిలించమని గ్లాసు ఇవ్వడం ఆమె పనులు. వీటికి జీతం ఇస్తారు. జీతం లేకుండా చేసే పని ఇంకొకటుంది. డాక్టరు గారు కాలితో డ్రిల్లు మీట తొక్కగానే ఈవిడ కూనిరాగం అందుకుంటుంది.

అది ఏ పాటో ఎవరికీ తెలియదు. మాటలుండవు. మొదలుండదు, చివరుండదు. సంగీతం నేర్చుకున్నవాళ్ళు శ్రుతి పెట్టెను పక్కన పెట్టుకుని పాడతారు కదా, ఈవిడకు ఆ డ్రిల్లే శ్రుతి పెట్టె. దాని గీమనే మోతకు బాగా కింది స్థాయిలో గొంతు కలుపుతుంది. డ్రిల్లు పంటికి తగిలితే మోత కాస్త దిగుతుంది, ఈవిడ గొంతూ దిగుతుంది. పైకి తీస్తే మోత లేస్తుంది, ఈవిడా లేస్తుంది. ముందు గదిలో కూర్చున్నవాళ్ళకు లోపల ఎవరిదో పన్ను తొలుస్తున్నట్టు ఉండదు, ఎవరో పని చేసుకుంటూ పాడుకుంటున్నట్టు ఉంటుంది. కుర్చీ చేతుల్ని పిడికిళ్ళతో నలిపేసేవాళ్ళు కూడా కాసేపటికి వేళ్ళు వదులు చేస్తారు.

పేషెంట్లు ఆమెకు రాగాలమ్మ అని పేరు పెట్టుకున్నారు. ఫోన్లు ఎత్తేది నేనే కాబట్టి నాకు తెలుసు. "రాగాలమ్మ ఉన్న రోజే ఇవ్వండి అపాయింట్‌మెంటు" అని అడుగుతారు. డాక్టరు గారు ఉన్న రోజు కావాలని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.

నేను ఆవిడ ఆడపడుచుని. ఆవిడను వేళాకోళం చేసే హక్కు మా అన్నయ్య పెళ్ళితో పాటు నాకు సంక్రమించింది, నేను దాన్ని ఒక్క రోజు కూడా వృథా చేయలేదు. పదకొండేళ్ళ క్రితం డాక్టరు గారికి చెప్పి నాకు ఈ ముందు గది ఉద్యోగం ఇప్పించింది కూడా ఆవిడే. ఇంట్లో చాలక ఇక్కడ కూడా నా నోటికి దొరకాలని ఎందుకనుకుందో ఆవిడకే తెలియాలి.

మా క్లినిక్కు కళ్ళజోళ్ళ కొట్టు పైన ఉంటుంది. ఇరవై రెండు మెట్లు. పంటి నొప్పితో వచ్చేవాళ్ళలో సగం మందికి పన్నెండో మెట్టు దగ్గరకు వచ్చేసరికి నొప్పి తగ్గిపోతుంది. వెనక్కి తిరగబోతారు. నా బల్లను మెట్లకు ఎదురుగా వేయించింది అందుకే. తల కనపడగానే పేరు పెట్టి పిలిచానంటే ఇంక తప్పించుకోలేరు. ముందు గదిలో ఆరు కుర్చీలు, గోడకు నవ్వుతున్న పళ్ళ బొమ్మ, మూలన చేపలు లేని చేపల తొట్టి. చేపలు పోయినా బుడగలు చూస్తే మనసు కుదుటపడుతుందని డాక్టరు గారు దాన్ని తీయనివ్వలేదు. లోపలి గదికి మసక అద్దం తలుపు.

డాక్టరు గారు పొడుగాటి మనిషి, పొట్టి మాటలు. నోరు తెరవండి, పుక్కిలించండి, వారం తర్వాత రండి. ముప్పై ఏళ్ళుగా ఈ మూడు ముక్కలతోనే నెట్టుకొస్తున్నారు. వదిన పాట మీద ఆయన ఏనాడూ నోరు మెదపలేదు. బాగుందనలేదు, ఆపమనలేదు. ఆయనకు అసలు వినపడుతోందా అని నాకు అనుమానంగా ఉండేది.

ఇంట్లోనూ ఇదే తంతు. మిక్సీ వేస్తే మిక్సీకి తగ్గట్టు, ఫ్యాను వేస్తే ఫ్యానుకు తగ్గట్టు వదిన గొంతు సవరించుకుంటుంది. మా అన్నయ్య బస్సు డ్రైవరు. "మీ వదిన నా బస్సెక్కితే మూడో గేరులో ఒక రాగం, నాలుగో గేరులో ఒక రాగం" అంటాడు. వదిన మాత్రం ఒప్పుకోదు. "నేనెక్కడ పాడానే? మీ చెవులే బాగాలేవు" అని ఎదురు మమ్మల్నే అంటుంది.

ఇలా సాగిపోతున్న క్లినిక్కులోకి డాక్టరు గారి భార్య ఏడు గిన్నెలతో వచ్చింది.

మేడమ్ మంచిది. ఆ మాట ముందే చెప్పేస్తే తర్వాత నేననే మాటలకు పాపం తగలదు. బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైంది. రిటైరయ్యాక ఊరుకునే ప్రాణం కాదు. ఒకసారి రంగులు వేయడం నేర్చుకుంది, ఒకసారి కుండీల్లో మొక్కలు పెంచింది. ఈసారి ధ్వని చికిత్స. పది రోజుల శిక్షణకు వెళ్ళి, ఒకదాని కంటే ఒకటి పెద్దవైన ఏడు కంచు గిన్నెలు, వాటిని మోగించడానికి గుడ్డ చుట్టిన కర్ర, చెవుల్ని మొత్తం మూసేసే హెడ్‌ఫోన్లు, గిన్నెల మోతల రికార్డింగులు పట్టుకొచ్చింది.

"మన పేషెంట్లకున్న సగం జబ్బు పళ్ళది కాదు, ఆందోళనది" అని నా బల్ల ముందు నిలబడి చెప్పింది. "మెట్లెక్కేటప్పుడే గుండె దడ. డ్రిల్లు వినపడితే చాలు, ఒళ్ళంతా బిగుసుకుపోతుంది. ఆ బిగుసుకోవడాన్ని ధ్వనితోనే విప్పాలి."

"విప్పాక మళ్ళీ ఎవరు కట్టాలి మేడమ్?" అన్నాను. ఆవిడ నవ్వలేదు. లెక్కలు చెప్పినవాళ్ళు కొందరు అంతే.

గిన్నెల్ని చేపల తొట్టి పక్కన బల్ల మీద వరసగా పేర్చి, మొదటి రోజు నన్నే కుర్చీలో కూర్చోబెట్టింది. కళ్ళు మూసుకోమంది. పెద్ద గిన్నె అంచు మీద కర్రను మెల్లగా తిప్పింది. నిజం ఒప్పుకోవాలి. ఆ మోత చెవుల్లోకి కాదు, నేరుగా మెడ వెనక్కి వెళ్ళింది. బల్ల మీద వంగి వంగి పదకొండేళ్ళుగా పట్టేసిన నరాలు ఒక్కొక్కటీ వదులయ్యాయి. నేను ఎగతాళి చేద్దామని కూర్చున్నదాన్ని, నోరంతా తెరిచి ఆవులించాను.

"చూశావా?" అంది మేడమ్.

"ఏదో, పొద్దున తొందరగా లేచాను" అన్నాను. ఓడిపోయానని ఒప్పుకోవడం మా ఇంటా వంటా లేదు.

పేషెంట్లకు కూడా నచ్చింది. ముందు గదిలో పావుగంట గిన్నెలు, లోపల కుర్చీలో హెడ్‌ఫోన్లు. చెవులు మూసుకుపోయాక డ్రిల్లు మోత సన్నగా, ఎక్కడో పక్క వీధిలో తిరుగుతున్నట్టు ఉంటుందట. పన్నెండో మెట్టు దగ్గర ఆగిపోయేవాళ్ళు తగ్గారు. నేను అరిచి పిలవాల్సిన అవసరం కూడా తగ్గింది.

చిక్కల్లా ఒక్కటే. మూడో రోజు మేడమ్ వదినను పక్కకు పిలిచింది.

"ఏమీ అనుకోకమ్మా. రికార్డింగు ఒక శ్రుతిలో ఉంటుంది, నీ పాట ఇంకో శ్రుతిలో ఉంటుంది. రెండూ కలిస్తే పేషెంటుకు గందరగోళం. ఆ గదిలో ఇంకే చప్పుడూ ఉండకూడదని శిక్షణలో మాకు గట్టిగా చెప్పారు."

"నేనెక్కడ పాడుతున్నాను మేడమ్?" అంది వదిన, అలవాటు కొద్దీ. తర్వాత తల దించుకుని "అలాగేనండి" అంది.

ఆ రోజు నుంచి వదిన నోరు మూత పడింది. అద్దం తలుపు వెనక నుంచి డ్రిల్లు మోత ఒక్కటే వచ్చేది. అది అంత పదునుగా ఉంటుందని పదకొండేళ్ళలో నాకు మొదటిసారి తెలిసింది. నేను మాత్రం ఊరుకున్నానా? "ఏం రాగాలమ్మా, కచేరీలు మానేశావా? సన్మానం చేస్తేనే పాడతావా?" అని ఇంటికెళ్ళే దారి పొడుగునా వేపుకు తినేదాన్ని. వదిన నడక వేగం పెంచేది. అలిగిందనుకున్నాను.

హెడ్‌ఫోన్ల వల్ల ఇంకో చిన్న ఇబ్బంది వచ్చింది. చెవులు మూసుకున్నవాళ్ళకు "నోరు తెరవండి" అంటే ఎలా వినపడుతుంది? డాక్టరు గారి మూడు మాటల్లో మొదటిదే పనికిరాకుండా పోయింది. అందుకని మేడమ్ అట్ట ముక్క మీద పెద్ద అక్షరాలతో "నోరు తెరవండి" అని రాసి, అవసరమైనప్పుడు పేషెంటు మొహం ముందు పట్టుకోమని వదినకు ఇచ్చింది. అది చదవాలంటే పేషెంటు కళ్ళు తెరిచి ఉండాలి. కళ్ళు మూసుకుని హాయిగా ఉండమని చెప్పిందీ మేడమే.

తాళాలు బాగుచేసే పెద్దాయన ఒకాయన కింది దవడ పన్ను నింపించుకోవడానికి వచ్చాడు. గిన్నెలు విన్నాడు, హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు, కుర్చీలో వాలిపోయాడు. ఆందోళన ఎంత బాగా తగ్గిందంటే, డాక్టరు గారి వేలు లోపల ఉండగానే నిద్రలోకి జారుకుని నోరు మూసేశాడు. ఇన్నేళ్ళలో డాక్టరు గారు కేక పెట్టగా మేం వినడం అదే మొదలు. వదిన అట్ట పట్టుకుని ఆడించింది. ప్రయోజనం లేక హెడ్‌ఫోను లాగి "అయ్యా, వేలు! వేలు!" అని చెవిలో అరిచింది. పెద్దాయన కళ్ళు తెరిచి, "అప్పుడే అయిపోయిందా?" అన్నాడు. పన్ను అంత గట్టిగా ఉంటే ఇక్కడికెందుకు వచ్చాడో నాకు అర్థం కాలేదు.

డాక్టరు గారి చూపుడు వేలికి కట్టు పడింది. ఆ తర్వాత ఆయన తీరే మారిపోయింది. అరగంట పని గంట పట్టేది. మధ్యలో లేచి నా బల్ల దగ్గరికి వచ్చి, గ్లాసెడు నీళ్ళు తాగి, బుడగల తొట్టి వైపు చూస్తూ నిలబడేవారు. ఒక రోజు "ఈ వారం రూట్ కెనాళ్ళు పెట్టకు" అన్నారు. ఇంకో రోజు ఇద్దరిని "వారం తర్వాత రండి" అని మొదలుపెట్టకుండానే పంపేశారు. వేలు నొప్పి అనుకున్నాను. వేలి కట్టు విప్పాక కూడా అలాగే ఉంటే, వయసు మీద పడుతోంది, కింద కొట్లో కళ్ళజోడు మార్పించుకోవాలి అనుకున్నాను.

ఇలా నెల గడిచాక వదిన బుగ్గలో లవంగం దొరికింది.

దొరికిందంటే నేనే పట్టుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం వంటింట్లో టీ పోస్తున్నాను. వదిన టీ చల్లారేదాకా ఆగి, తల ఓ పక్కకు వంచి, కుడి వైపు నుంచి తాగుతోంది. దగ్గరికి వెళ్తే లవంగం వాసన గుప్పుమంది. పంతొమ్మిదేళ్ళుగా పళ్ళ డాక్టరు పక్కన నిలబడిన మనిషి, పేషెంట్లకు "లవంగాలతో నెట్టుకొస్తే పన్ను పోతుందమ్మా" అని బుద్ధులు చెప్పే మనిషి, లవంగం బుగ్గన పెట్టుకుని తిరుగుతోంది!

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

వదిన నీళ్ళు నమిలింది. అవి కూడా కుడి వైపునే నమిలింది.

"చెప్తావా, అన్నయ్యను పిలవనా?"

"మూడు వారాలు" అంది. ఎడమ దవడ అప్పటికే కాస్త ఉబ్బి ఉంది. నేను టార్చి తెచ్చి నోరు తెరవమన్నాను. పళ్ళ సంగతి నాకు పెద్దగా తెలియదు గానీ, చివరి నుంచి రెండో పంటిలో నల్లటి గుంట, చుట్టూ ఎర్రగా వాచిన చిగురు నాకు కూడా కనపడ్డాయి.

"ఇంత దాకా వచ్చినా డాక్టరు గారికి చెప్పలేదా? సిగ్గు లేదూ? ఊరందరినీ ఆ కుర్చీలో పడుకోబెట్టి, నువ్వు మాత్రం..."

"నాకా కుర్చీ అంటే భయమే" అంది వదిన.

నేను నవ్వబోయాను. ఆవిడ కళ్ళు చూసి ఆగిపోయాను.

"ఉద్యోగంలో చేరిన రోజు నీకు తెలీదు, నువ్వు చిన్నదానివి. డ్రిల్లు మొదలవగానే గది మూలకు వెళ్ళి నిలబడ్డా. మెట్లు దిగి పారిపోదామనుకున్నా. మీ అన్నయ్యకు అప్పుడు పని లేదు, పారిపోతే కుదరదు. రెండో రోజు ఇంక భరించలేక గొంతులోనే ఏదో కూనిరాగం తీశా. నేను పాడితే ఆ డ్రిల్లు నాకు వినపడలేదే. నా గొంతే వినపడింది. ఇంక అంతే, రోజూ అదే మందు. నువ్వూ, పేషెంట్లూ, వాళ్ళ కోసం పాడుతున్నాననుకున్నారు. వాళ్ళ కోసమేం కాదు, నా కోసం."

"మరి ఇప్పుడు?"

"నెల రోజుల నుంచి రోజూ వినపడుతోంది. ఇంటికొచ్చి పడుకున్నా వినపడుతోంది. ఈ పంటికి ఆ డ్రిల్లు పెట్టాలి. నోరు తెరుచుకుని, పైపు పెట్టుకుని, ఎలా పాడను?"

నెలంతా దారి పొడుగునా కచేరీలు, సన్మానాలు అంటూ పొడుచుకు తిన్నవన్నీ గుర్తొచ్చాయి. చాలా సిగ్గేసింది. లవంగాల సీసా తీసి పై అరలో దాచేశాను. నాకు చేతనైన ఓదార్పు ఆ పూటకు అదే.

మర్నాడు పొద్దున క్లినిక్కు తలుపులు తీయగానే అపాయింట్‌మెంటు పుస్తకం తెరిచి, పదకొండు గంటల గడిలో "మా వదిన" అని రాసేశాను. డాక్టరు గారు వచ్చి పుస్తకం తిప్పి చూశారు.

"ఎవరమ్మా ఈ మా వదిన?"

"మా వదినే సార్. లోపల దూది ఉండలు చేస్తోంది."

ఆయన లోపలికి వెళ్ళి వదిన దవడ చూశారు, ఎక్స్‌రే తీశారు. "రూట్ కెనాల్ చెయ్యాలి. ఇవాళో రేపో మొదలుపెట్టకపోతే పన్ను దక్కదు. చీము దవడలోకి దిగుతోంది" అన్నారు. ఆయన అంత పొడుగు మాట మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. వదిన నా వైపు చూసిన చూపుకు నేను అప్పటికప్పుడే మాడి మసైపోవాలి. పనుందని బల్ల దగ్గరికి వచ్చేశాను.

మేడమ్‌కు చెప్పగానే పరిగెత్తుకొచ్చింది. ఏడు గిన్నెలూ వదిన కోసమే మోగించింది, ఒక్కొక్కదాన్నీ రెండేసి సార్లు. వదిన కళ్ళు మూసుకుని బుద్ధిగా కూర్చుంది. చేతులు మాత్రం ఒడిలో ఒకదాన్నొకటి పట్టుకునే ఉన్నాయి.

పదకొండు గంటలకు వదిన కుర్చీలో పడుకుంది. సహాయకురాలే కుర్చీ ఎక్కితే సహాయం ఎవరు చేస్తారు? పైపు నా చేతికి వచ్చింది. "నాలుక కింద పెట్టు. గొంతులోకి పోనివ్వకు" అని పడుకునే నాకు పని నేర్పింది వదిన. మత్తు ఇంజెక్షను ఇచ్చారు. పెదవి మొద్దుబారింది. మేడమ్ హెడ్‌ఫోన్లు తెచ్చి తన చేత్తో పెట్టి, జుట్టు సర్ది, తలుపు దగ్గర నిలబడింది.

డాక్టరు గారు మీట తొక్కారు. డ్రిల్లు గీమంది. వదిన కాలి వేళ్ళు ముడుచుకున్నాయి. హెడ్‌ఫోన్లు ఎంత మంచివైనా, సొంత పంటికి వచ్చే డ్రిల్లు ముందు అవేం చేస్తాయి? ఆయన డ్రిల్లును నోటి దాకా తెచ్చి ఆపేశారు. మీట వదిలారు. మళ్ళీ తొక్కారు, మళ్ళీ తెచ్చారు, మళ్ళీ ఆపారు. మూడోసారికి నేను వదినను వదిలేసి ఆయన చేతి వైపు చూశాను.

ఆ చెయ్యి వణుకుతోంది.

"వేలు ఇంకా నొప్పిగా ఉందా?" అంది మేడమ్ తలుపు దగ్గర నుంచి.

డాక్టరు గారు డ్రిల్లును ఒళ్ళో పెట్టుకుని, మొహానికున్న ముసుగు కిందికి లాగారు. నుదురంతా చెమట. వదిన తల నుంచి హెడ్‌ఫోన్లు తీసి మేడమ్‌కు అందించారు.

"నా వల్ల కాదమ్మా" అన్నారు వదినతో. "నిన్ను ఇంకో డాక్టరు దగ్గరికి పంపిస్తాను. మంచివాడు. ఇప్పుడే ఫోన్ చేస్తా."

"ఏమైంది? ఎందుకు కాదు?" అంది మేడమ్.

ఆయన ఎవరి వైపూ చూడకుండా చెప్పారు. "ఇరవై ఏళ్ళ కింద ఒకావిడకు పన్ను తొలుస్తుంటే డ్రిల్లు జారింది. నాలుక తెగింది. చిన్న గాయమే, వారానికి మానిపోయింది. ఆవిడ మళ్ళీ నా దగ్గరికే వచ్చేది. నాకే, ఆ రోజు నుంచి డ్రిల్లు మొదలైతే చెయ్యి వణుకు. క్లినిక్ మూసేద్దామనుకున్నా. అంతలో ఈ అమ్మాయి పనిలో చేరింది. రెండో రోజు గొంతులో ఏదో పాడింది, నా చెయ్యి నిలబడింది. పంతొమ్మిదేళ్ళు నిలబడింది. ఈ నెల రోజులు పాట లేదు, చూస్తున్నారుగా."

"నాతో ఒక్క మాట అనలేదేం?" అంది మేడమ్. "ఊళ్ళో వాళ్ళందరికీ గిన్నెలు మోగించాను కదండీ."

"ఏమని చెప్పను? డాక్టరుకే భయమని బోర్డు మీద రాయించనా?"

నాకు ఆయన మీద అంత జాలి ఎప్పుడూ కలగలేదు. పదకొండేళ్ళుగా ఆయన్ని మూడు మాటల మనిషని వెక్కిరిస్తూ వచ్చాను. నాలుగో మాట లోపల అంత బరువుగా ఉందని నాకేం తెలుసు?

కుర్చీలో వదిన మెల్లగా లేచి కూర్చుంది. లేవక ఏం చేస్తుంది, తప్పించుకోవడానికి అంత మంచి అవకాశం మళ్ళీ రాదు. డాక్టరు గారే పొమ్మంటున్నారు. చెప్పులు కుర్చీ కిందే ఉన్నాయి. ఇంకో డాక్టరు దగ్గరికి రేపు వెళ్తానని చెప్పి, ఎల్లుండి వెళ్తానని చెప్పి, పన్ను పోయేదాకా లవంగాలతో కాలక్షేపం చేయవచ్చు. ఆవిడ తలుపు వైపు చూడడం నేను చూశాను. తర్వాత ఆయన ఒళ్ళో ఉన్న డ్రిల్లు వైపు, దాన్ని పట్టుకున్న చేతి వైపు చూసింది. అది ఇంకా వణుకుతూనే ఉంది.

వదిన వెనక్కి వాలి పడుకుంది. "పైపు సరిగ్గా పట్టుకోవే" అని నన్ను కసిరింది. మొద్దుబారిన పెదవితో ఆ మాట సగమే బయటికి వచ్చింది. నోరు బార్లా తెరిచింది. "ఆ..." అని అందుకుంది.

అబ్బా, ఎంత ఘోరంగా పాడిందో! పెదవి ఒక పక్కకు వేలాడుతోంది, నాలుక స్వాధీనంలో లేదు, మధ్యలో నా పైపు గుర్రుమంటోంది. అది పాటో పుక్కిలింతో చెప్పడం కష్టం. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, రెండు చేతులూ పైపుకే అంకితం కాబట్టి తుడుచుకోవడానికి కూడా లేదు. డాక్టరు గారు ముసుగు పైకి లాక్కుని మీట తొక్కారు. డ్రిల్లు గీమంది. వదిన "ఆ" ఒక్క క్షణం తడబడి, వెతుక్కుని, దాని కిందికి చేరింది.

ఆయన చెయ్యి నోటి దాకా వచ్చింది, లోపలికి వెళ్ళింది, పంటి మీద ఆనింది. మోత దిగింది, వదిన గొంతూ దిగింది. కదలలేదు ఆ చెయ్యి.

వదిన కళ్ళు తెరిచే ఉంచింది. డ్రిల్లును చూడలేదు, పైన లైటునూ చూడలేదు. ఆయన మణికట్టునే చూస్తూ ఉంది. అది కాస్త కదిలినట్టు అనిపిస్తే గొంతు గట్టిగా పట్టింది, కుదురుగా ఉంటే మెల్లగా వదిలింది. కాలి వేళ్ళు ఎప్పుడు విచ్చుకున్నాయో నేను గమనించనేలేదు. ఊపిరి తీసుకోవడానికి ఆగితే ఆయనా ఆగారు. మళ్ళీ అందుకుంటే ఆయనా అందుకున్నారు. మేడమ్ తలుపు దగ్గర నుంచి వచ్చి వదిన పాదాల దగ్గర నిలబడి, హెడ్‌ఫోన్ల తీగను వేలికి చుడుతూ విప్పుతూ ఉండిపోయింది.

నలభై నిమిషాలు పట్టింది. డాక్టరు గారు మీట మీద నుంచి కాలు తీశారు.

"అయిపోయిందమ్మా. ఇంక ఆపు" అన్నారు.

వదిన ఆపలేదు. ఆయన లేచి, డ్రిల్లును స్టాండులో పెట్టి, చెయ్యి దాని మీద నుంచి తీసేదాకా నోరు తెరుచుకుని "ఆ" అంటూనే ఉంది.